సీసం లేని పెరోవ్‌స్కైట్ సోలార్ సెల్ ఎందుకింత కష్టం? తగరం దగ్గర అసలు చిక్కు ఏంటి

క్లుప్తంగా: పెరోవ్‌స్కైట్ సోలార్ సెల్స్ ల్యాబ్‌లో సిలికాన్‌కి సాటి వచ్చేశాయి, కానీ బాగా పనిచేసేవన్నీ సీసం ఉన్నవే. సీసం తీసేస్తే మిగిలేవి రెండు రకాలు. కరెంటు బాగా ఇచ్చే తగరం గాలి తగిలితే పాడైపోతుంది, గాలికి నిలబడే బిస్మత్ లాంటివి కరెంటు సరిగ్గా ఇవ్వవు. దీనికి కారణం సీసం అణువులోనే ఉంది, అందుకే ఇది ఏదో ఒక మంచి ఫార్ములా దొరికితే తీరిపోయే సమస్య కాదు.

ఇంతదాకా ఎలా వచ్చింది

పెరోవ్‌స్కైట్ అనేది ఒక మూలకం పేరు కాదు, ఒక స్ఫటికం అమరిక పేరు. 1839లో రష్యాలోని ఉరల్ కొండల్లో దొరికిన కాల్షియం టైటనేట్ అనే ఖనిజానికి ఆ పేరు పెట్టారు, తర్వాత అదే అమరికలో ఉన్న వాటన్నిటినీ అలాగే పిలుస్తున్నారు. సోలార్ సెల్స్‌లో వాడేదాంట్లో మూడు స్థానాలుంటాయి, ఒకదాంట్లో సీజియం గానీ మిథైల్ అమోనియం, ఫార్మామిడీనియం లాంటి చిన్న ఆర్గానిక్ అయాన్ గానీ, రెండో దాంట్లో ఒక లోహం, మూడో దాంట్లో అయోడిన్, బ్రోమిన్ లాంటి హాలోజన్. గొడవంతా ఆ రెండో స్థానం గురించే, అక్కడ ఇప్పుడు సీసం కూర్చుని ఉంది.

2009లో జపాన్‌లోని టోయిన్ యూనివర్సిటీ ఆఫ్ యోకోహామాలో మియాసాకా బృందం మొదటిసారి దీన్ని సోలార్ సెల్‌లో వాడినప్పుడు ఎఫిషియెన్సీ (తగిలిన వెలుతురులో కరెంటుగా మారే భాగం) 3.8 శాతం, అది కూడా కొన్ని నిమిషాల్లోనే పాడైపోయింది. 2012లో కొరియా, ఆక్స్‌ఫర్డ్ బృందాలు లోపలున్న ద్రవాన్ని తీసేసి ఘన రూపంలో చేసి 10 శాతం దగ్గరికి తెచ్చాయి, అక్కణ్ణుంచి పరుగే. ఇప్పుడు ఒంటి పొర సెల్ రికార్డు 26-27 శాతం దగ్గరుంది, సిలికాన్ మీద పెరోవ్‌స్కైట్ పరిచిన టాండెమ్ సెల్‌కి చైనా కంపెనీ లాంగీ 2025లో 34.85 శాతం చూపించింది. 2024 సెప్టెంబర్‌లో ఆక్స్‌ఫర్డ్ పీవీ మొదటి టాండెమ్ ప్యానెల్స్‌ని అమెరికాలో ఒక కస్టమర్‌కి పంపింది కూడా, ప్యానెల్ ఎఫిషియెన్సీ 24.5 శాతం. వీటన్నిట్లోనూ సీసమే. మార్కెట్‌లోకి రావడం మొదలైంది కాబట్టే "సీసం సంగతేంటి" అనే ప్రశ్న ఇప్పుడు గట్టిగా వినపడుతోంది.

అసలు ఎంత సీసం ఉంటుంది

ఇక్కడ రెండు వైపులా అతి చేసేవాళ్ళున్నారు, కాబట్టి లెక్క వేసి చూడటం మంచిది. పెరోవ్‌స్కైట్ పొర మందం దాదాపు 500 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో రెండు వేల వంతు. మిథైల్ అమోనియం లెడ్ అయోడైడ్ సాంద్రత ఘన సెంటీమీటరుకి 4 గ్రాముల పైచిలుకు, దాని బరువులో మూడో వంతు సీసం. గుణిస్తే చదరపు మీటరుకి 0.7 గ్రాములు వస్తుంది. కర్నూలు సోలార్ పార్క్ అంత సైజు, అంటే 1000 మెగావాట్లు, 20 శాతం ఎఫిషియెన్సీతో పెట్టాలంటే సుమారు 50 లక్షల చదరపు మీటర్ల ప్యానెల్స్ కావాలి, అందులో మొత్తం సీసం మూడున్నర టన్నులు. ఒక కారు బ్యాటరీలో ఎనిమిది పది కిలోల సీసం ఉంటుంది, అంటే వెయ్యి మెగావాట్ల పార్క్ మొత్తం కలిపి 350 నుంచి 450 కార్ల బ్యాటరీలతో సమానం, అంతే. మామూలు సిలికాన్ ప్యానెల్స్‌లో కూడా సోల్డర్‌లో కొంత సీసం ఎలాగూ ఉంటుంది.

మరి భయం దేనికి? ఎందుకంటే ఏ రూపంలో ఉందనేది ముఖ్యం. బ్యాటరీలో సీసం ముద్దలా ఉంటుంది, డబ్బాలో ఉంటుంది, పాత ఇనుము కొనేవాడు డబ్బులిచ్చి మరీ తీసుకెళ్తాడు. పెరోవ్‌స్కైట్‌లో ఉన్నది అలా కాదు, నీళ్ళు తగిలితే విడిపోయి లెడ్ అయోడైడ్ అవుతుంది, అది లీటరు నీటిలో 0.76 గ్రాముల దాకా కరుగుతుంది. తాగేనీటిలో సీసం లీటరుకి 10 మైక్రోగ్రాములు దాటకూడదని మన బీఐఎస్ ప్రమాణం, ప్రపంచ ఆరోగ్య సంస్థదీ అదే అంకె. ఆ లెక్కన ఒక్క చదరపు మీటరు ప్యానెల్‌లోని సీసం పూర్తిగా కరిగితే 70 వేల లీటర్ల నీళ్ళు ఆ హద్దుకి చేరతాయి. 2020లో వచ్చిన ఒక అధ్యయనంలో పెరోవ్‌స్కైట్ నుంచి మట్టిలోకి దిగిన సీసం, మిగతా రకాల కాలుష్యం వల్ల వచ్చే సీసం కంటే పది రెట్లు ఎక్కువగా మొక్కల్లోకి ఎక్కుతుందని తేలింది, ఆ ప్రయోగం పుదీనా మొక్కల మీద చేశారు.

కాబట్టి మొత్తం పరిమాణం చిన్నదే, కానీ పగిలిన చోట మాత్రం చిన్నది కాదు. పొలంలో పెట్టిన ప్యానెల్ వడగళ్ళకి పగలడం ఒక ఎత్తు, రామగుండంలో ఎన్టీపీసీ పెట్టిన 100 మెగావాట్ల ఫ్లోటింగ్ ప్లాంట్ లాంటివి ఇంకో ఎత్తు, అక్కడ ప్యానెల్ కింద ఉన్నది నేరుగా నీళ్ళే. అక్కడున్నవి సిలికాన్ ప్యానెల్సే, కానీ రేపు రిజర్వాయర్ల మీద ఏ రకం పెట్టొచ్చు అనే ప్రశ్న వచ్చినప్పుడు ఈ లెక్కే ముందుకొస్తుంది.

సీసానికి ఉన్నదేంటి, వేరేవాటికి లేనిదేంటి

సీసం స్థానంలో ఇంకో లోహం పెట్టేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది, కానీ ఆ పదార్థం అంత బాగా పనిచేయడానికి కారణమే సీసం. మామూలు సెమీకండక్టర్‌లో ఒక అణువు తప్పిపోయినా, చోటు మారినా అక్కడ ఎలక్ట్రాన్లు చిక్కుకుపోయి వేడిగా వృథా అవుతాయి, అందుకే సిలికాన్‌ని అంత శుద్ధి చేసి, వెయ్యి డిగ్రీల పైన కరిగించి స్ఫటికాలు పెంచాలి. లెడ్ పెరోవ్‌స్కైట్‌ని మాత్రం ఒక ద్రావణం లాగా గాజు మీద చల్లి, వంద డిగ్రీల దగ్గర పది నిమిషాలు వేడి చేసినా మంచి సెల్ తయారవుతుంది. లోపాలు లేక కాదు, బోలెడన్ని ఉంటాయి, కానీ అవి ఎలక్ట్రాన్లని పట్టుకుని కూర్చునే రకం కావు. సీసం బయటి కక్ష్యలో ఉన్న రెండు ఎలక్ట్రాన్లు అయోడిన్ ఎలక్ట్రాన్లతో కలిసే తీరు వల్ల ఆ లోపాలన్నీ బ్యాండ్ల (ఎలక్ట్రాన్లు ఉండగలిగే శక్తి స్థాయిల) అంచుల దగ్గరే ఉండిపోతాయి, మధ్యలో గోతుల్లా తయారవ్వవు.

ఆ రెండు ఎలక్ట్రాన్ల ఇంకో గుణం స్టెబిలిటీకి సంబంధించింది. సీసం చాలా బరువైన అణువు, దాని కేంద్రకం దగ్గర ఎలక్ట్రాన్లు కాంతి వేగంతో పోల్చదగ్గ వేగంతో తిరుగుతాయి, దాంతో సాపేక్షతా సిద్ధాంతం ప్రభావం పడి బయటి ఆ రెండూ లోపలికి గట్టిగా లాగబడతాయి. అవి ఊడి రావడానికి ఇష్టపడవు, అందుకే సీసం టూ ప్లస్ స్థితిలోనే (రెండు ఎలక్ట్రాన్లు మాత్రమే పోయిన స్థితి) హాయిగా ఉంటుంది, నాలుగు పోయిన ఫోర్ ప్లస్‌కి అంత సులువుగా వెళ్ళదు. కారు బ్యాటరీ పనిచేసేది కూడా ఈ గుణం మీదే, ఫోర్ ప్లస్‌లో ఉన్న లెడ్ డయాక్సైడ్ ఎలాగైనా టూ ప్లస్‌కి దిగిపోవాలని చూస్తుంది కాబట్టే అంత వోల్టేజ్ వస్తుంది. అదే డిజైన్‌లో తగరంతో బ్యాటరీ చేస్తే ఎందుకు పనిచేయదో, తగరంతో పెరోవ్‌స్కైట్ ఎందుకు నిలబడదో, రెండిటికీ జవాబు ఒకటే.

తగరం: దగ్గరి చుట్టమే, కానీ గాలి పడదు

తగరం (టిన్) అంటే ఇత్తడి గిన్నెలకి కళాయి పూసేవాళ్ళు వాడే లోహమే. ఆవర్తన పట్టికలో సీసానికి సరిగ్గా పైన ఉంటుంది, టూ ప్లస్ అయాన్ సైజు కూడా దాదాపు సరిపోతుంది, అమరిక చెడిపోదు. పైగా బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్‌ని కదిలించడానికి కాంతికి ఉండాల్సిన కనీస శక్తి) విషయంలో సీసం కంటే మేలు. సూర్యకాంతికి ఒంటి పొర సెల్‌లో 1.34 ఎలక్ట్రాన్ వోల్ట్ దగ్గర గరిష్ఠంగా 33 శాతం పైచిలుకు రావొచ్చని లెక్క, లెడ్ అయోడైడ్ రకాలు 1.5-1.6 మధ్య ఉంటాయి, తగరం రకాలు 1.2 నుంచి 1.4 దాకా, అంటే కాగితం మీద తగరమే గెలవాలి.

2014లో ఆక్స్‌ఫర్డ్‌లో స్నెయిత్ బృందం, అమెరికా నార్త్‌వెస్టర్న్‌లో కనాట్జిడిస్ బృందం దాదాపు ఒకేసారి తగరం సెల్స్ చేసి 6 శాతం దగ్గర చూపించాయి. ఇప్పటికి అది 15 శాతం దాటింది. సీసం అదే కాలంలో ఎక్కడికి పోయిందో చూస్తే ఇది తక్కువే.

లోపల జరిగేదేంటంటే, తగరం టూ ప్లస్‌కి ఆక్సిజన్ కాస్త తగిలినా రెండు ఎలక్ట్రాన్లు వదిలేసి ఫోర్ ప్లస్ అయిపోతుంది. కోసిన వంకాయ ముక్కలు గాలికి నల్లబడ్డట్టే, ఇదీ ఆక్సీకరణే, పోతే అక్కడ పాడయ్యేది కూర రంగు, ఇక్కడ పాడయ్యేది సెల్ మొత్తం. ఎందుకు మొత్తం అంటే ఇది అక్కడితో ఆగే రియాక్షన్ కాదు. ఆక్సిజన్‌తో కలిసి కొంత టిన్ ఆక్సైడ్, కొంత టిన్ టెట్రా అయోడైడ్ ఏర్పడతాయి, ఆ టెట్రా అయోడైడ్ తేమతో, ఆక్సిజన్‌తో కలిసి అయోడిన్ వదులుతుంది, ఆ అయోడిన్ వెళ్ళి పక్కనున్న మంచి పెరోవ్‌స్కైట్‌ని ఆక్సీకరించి మళ్ళీ టెట్రా అయోడైడ్ చేస్తుంది, మళ్ళీ అయోడిన్... ఇలా తిరుగుతూనే ఉంటుంది. ఈ చక్రాన్ని లండన్ ఇంపీరియల్ కాలేజ్ పరిశోధకులు 2021లో వివరంగా చూపించారు. దీనర్థం ఏంటంటే పొరలో మొదటే కాస్త ఫోర్ ప్లస్ తగరం ఉంటే, తర్వాత ఎంత బాగా సీల్ చేసినా చెడే విత్తనం లోపలే ఉన్నట్టు.

ఇంకో దెబ్బ కరెంటు వైపు నుంచి. తగరం అణువు ఊడిపోయిన ఖాళీలు చాలా సులువుగా ఏర్పడతాయి, ప్రతి ఖాళీ కొన్ని పాజిటివ్ ఛార్జీలని వదులుతుంది. ఎక్కువైతే పదార్థం సెమీకండక్టర్ లాగా కాకుండా లోహం లాగా ప్రవర్తించడం మొదలుపెడుతుంది, వెలుతురు వల్ల పుట్టిన ఎలక్ట్రాన్ బయటికి చేరేలోపే ఆ పాజిటివ్ ఛార్జీతో కలిసిపోయి అయిపోతుంది. మొదట్లో తగరం సెల్స్ వోల్టేజ్ చాలా తక్కువ ఉండటానికి ఇదొక కారణం. ఇంకో కారణం మరీ చిన్న విషయం, సీసం సెల్స్ కోసం తయారుచేసిన పక్క పొరలనే తీసుకొచ్చి తగరానికీ పెట్టేశారు, ఎనర్జీ లెవెల్స్ కలవలేదు. 2020లో షాంఘైటెక్ బృందం ఎలక్ట్రాన్లు తీసుకెళ్ళే పొరని మార్చి తగరానికి సరిపోయే ఫులరీన్ (బంతి ఆకారపు కార్బన్ రకం) పదార్థం పెట్టేసరికి వోల్టేజ్ 0.94 వోల్ట్‌కి చేరింది, ఎఫిషియెన్సీ 12 శాతం దాటింది. అంటే అప్పటిదాకా తగరం తప్పు అనుకున్నదాంట్లో కొంత తగరం తప్పే కాదు.

తయారీలో కూడా తకరారు ఉంది. సీసం ద్రావణం గాజు మీద నెమ్మదిగా స్ఫటికాలు కడుతుంది, తగరం మాత్రం క్షణాల్లో కట్టేస్తుంది, దాంతో పొరలో చిల్లులు, ఎగుడుదిగుళ్ళు. దాన్ని నెమ్మదింపజేయడానికి అందరూ వాడే ద్రావకం డీఎంఎస్‌ఓ, వేడి చేసినప్పుడు అదే తగరాన్ని ఆక్సీకరిస్తుందని తర్వాత తేలింది. ఆక్సిజన్ లేని గ్లోవ్ బాక్స్‌లో అంత జాగ్రత్తగా చేస్తూ, ఆక్సీకరించేదాన్ని సీసాలో పోసి లోపలే పెట్టుకున్నారన్నమాట.

దీనికి విరుగుళ్ళు చాలానే కనిపెట్టారు. టిన్ ఫ్లోరైడ్ కలపడం దాదాపు అందరూ చేసేదే, అది తగరం ఖాళీలని తగ్గిస్తుంది, ఫోర్ ప్లస్ అయినదాన్ని ఫ్లోరిన్ పట్టేసుకుంటుంది. ద్రావణంలో తగరం లోహం పొడి వేస్తే అది ఒక ఫోర్ ప్లస్‌తో కలిసి రెండు టూ ప్లస్‌లు అవుతుంది, అంటే ముందే శుభ్రం చేసుకున్నట్టు. ఫినైల్ ఇథైల్ అమోనియం లాంటి పెద్ద అయాన్లు కలిపితే స్ఫటికాల చుట్టూ పలుచని పొరలు ఏర్పడి ఆక్సిజన్ లోపలికి పోకుండా అడ్డుపడతాయి, కానీ అవే కరెంటుకి కూడా అడ్డు కాబట్టి ఎక్కువ వేస్తే లాభం లేదు. ఇవన్నీ చెడిపోవడాన్ని ఆలస్యం చేస్తాయి. తగరం స్వభావాన్ని మార్చవు.

మిగతా అభ్యర్థులు

జెర్మేనియం సంగతి ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు, తగరానికి పైన ఉంటుంది, తగరం కంటే ఇంకా తొందరగా ఆక్సీకరిస్తుంది, ఖరీదు కూడా ఎక్కువ.

బిస్మత్ కథ వేరు. పట్టికలో సీసం పక్కనే ఉంటుంది, అదే రెండు ఎలక్ట్రాన్లు ఉంటాయి, విషం తక్కువ, గాలికి చెక్కుచెదరదు. కానీ ఛార్జీ త్రీ ప్లస్, అందుకని సీసం స్థానంలో నేరుగా పట్టదు. ఒక దారి, రెండు సీసం అణువుల స్థానంలో ఒక బిస్మత్, ఒక వెండి పెట్టడం. 2016లో స్టాన్‌ఫర్డ్‌లో కరుణదాస బృందంతో పాటు ఇంకో రెండు బృందాలు సీజియం, వెండి, బిస్మత్, బ్రోమిన్ కలిపిన డబుల్ పెరోవ్‌స్కైట్ గురించి ప్రకటించినప్పుడు ఆశలు బాగానే పెరిగాయి. వేడికి, గాలికి అది నిజంగానే నిలుస్తుంది. కానీ బ్యాండ్ గ్యాప్ 2 ఎలక్ట్రాన్ వోల్ట్ చుట్టుపక్కల, పైగా ఇన్‌డైరెక్ట్ రకం, అంటే ఎరుపు వైపు కాంతి అంతా వృథా, పట్టుకున్న కాంతి కూడా బలహీనంగానే. చాలా సెల్స్ 2-3 శాతం దగ్గరే ఆగాయి. 2022లో హైడ్రోజన్‌ని స్ఫటికంలోకి ఎక్కించి బ్యాండ్ గ్యాప్‌ని 1.64కి దించి 6.37 శాతం చూపించారు, ఈ రకంలో అది పెద్ద గెంతే.

బిస్మత్, ఆంటిమొనీలతో ఇంకో రకం ఉంది, కొన్ని లోహ స్థానాలు ఖాళీగా వదిలేసి ఛార్జీ సరిచేసుకునేది. ఇందులో లోహం, అయోడిన్ కలిసిన గుంపులు విడివిడి దీవుల్లా ఉంటాయి, ఎలక్ట్రాన్ ఒక దీవి నుంచి ఇంకోదానికి దూకలేక అక్కడే స్థిరపడిపోతుంది. స్టేబుల్‌గా ఉన్నవన్నీ ఇలాగే ఎక్కడో ఒకచోట ఎలక్ట్రాన్‌కి దారి మూసేస్తున్నాయి. టైటానియం, బ్రోమిన్ రకం 2018లో 3.3 శాతంతో, మంచి స్టెబిలిటీ అనే పేరుతో వచ్చింది, తర్వాత వేరే ల్యాబ్‌ల్లో గాలిలో పెట్టి చూస్తే అంత గట్టిది కాదని తేలింది.

హాలోజన్‌నే వదిలేసి గంధకం పెట్టిన బేరియం జిర్కోనియం సల్ఫైడ్ మీద కూడా పని జరుగుతోంది. విషం లేదు, నీళ్ళనీ వేడినీ అసలు లెక్కచేయదు, కాంతిని గట్టిగా పీల్చుకుంటుంది. అయితే తయారీకి మొదట్లో 900 డిగ్రీల దాకా కావాల్సి వచ్చేది, ఆ వేడికి కింద ఉండే గాజు, కండక్టర్ పొర తట్టుకోవు. ఇప్పుడు 600 లోపు చేయడం మొదలైంది, చెప్పుకోదగ్గ సోలార్ సెల్ మాత్రం ఇంకా రాలేదు.

"స్టేబుల్" అని ఎవరైనా అంటే ఏం అడగాలి

ఈ రంగంలో వార్తలు చదివేవాళ్ళు తికమక పడేది ఎక్కువగా ఇక్కడే. "వెయ్యి గంటలు నిలిచింది" అని ఉంటే, చీకట్లో అల్మారాలోనా, వెలుతురులో కరెంటు తీసుకుంటూనా, నైట్రోజన్‌లోనా మామూలు గాలిలోనా అనేది చూడాలి. తగరం సెల్స్‌కి వెయ్యి గంటలు దాటిన రిపోర్టులు ఉన్నాయి, వాటిల్లో చాలావరకు నైట్రోజన్‌లో గానీ సీల్ చేసి గానీ పెట్టినవే. సెల్ సైజు కూడా చూడాలి, రికార్డు సెల్స్ చాలావరకు ఒక చదరపు సెంటీమీటరులో పదో వంతు కూడా ఉండవు.

మార్కెట్‌లోకి వెళ్ళే ప్యానెల్‌కి ఐఈసీ 61215 అనే అంతర్జాతీయ పరీక్ష ఉంది, అందులో ఒక భాగం 85 డిగ్రీల వేడి, 85 శాతం తేమలో వెయ్యి గంటలు, ఇంకో భాగం మైనస్ 40 నుంచి 85 డిగ్రీల మధ్య 200 సార్లు తిప్పడం. అది కూడా పాసైతే చాలదు, సిలికాన్ ప్యానెల్ 25 ఏళ్ళ గ్యారంటీతో అమ్ముతున్న మార్కెట్ ఇది. కర్నూలు, అనంతపురం ఎండల్లో ప్యానెల్ వేడి బయటి ఎండ కంటే ఇరవై పాతిక డిగ్రీలు ఎక్కువే ఉంటుంది, అంటే 65 దాటడం మామూలు విషయం. చల్లటి ల్యాబ్‌లో వచ్చిన అంకెని ఇక్కడికి అలాగే తెచ్చుకోలేం.

తగరం మంచిదేనా మరి

సీసం లేదంటే విషం లేదనుకోవడం తొందరపాటు. 2016లో బెల్జియంలో జీబ్రా చేపల మీద చేసిన ప్రయోగంలో టిన్ అయోడైడ్ లెడ్ అయోడైడ్ కంటే ఎక్కువ హాని చేసింది, ఎందుకంటే అది నీళ్ళలో కరిగి విడిపోయినప్పుడు ఆమ్లం ఏర్పడి నీటిని పుల్లగా చేసేసింది. పైన చెప్పిన పుదీనా ప్రయోగంలో మాత్రం తగరమే సురక్షితమని వచ్చింది. రెండూ నిజమే కావొచ్చు, ఒకటి చిన్న తొట్టిలో అప్పటికప్పుడు జరిగేది, ఇంకోటి మట్టిలో నెమ్మదిగా జరిగేది. తేడా ఏంటంటే ఆమ్లం పలచబడి పోతుంది, సీసం ఒంట్లో పేరుకుంటుంది, ముఖ్యంగా పిల్లల మెదడుకి దానికి సురక్షితమైన స్థాయి అంటూ లేదు.

ఇక్కణ్ణుంచి ఎటు

సీసంతో పోటీ పడేది సీసం లేని పదార్థం ఒక్కటే కాదు, సీసాన్ని బయటికి రానివ్వని పూత కూడా. ప్యానెల్ ముందూ వెనకా సీసాన్ని పట్టుకునే పొరలు వేస్తే, పగిలినా 96 శాతం పైగా సీసం లోపలే ఆగిపోయిందని 2020లో అమెరికా పరిశోధకులు చూపించారు. 27 శాతం ఇచ్చే సీసం ప్లస్ పూత ఒకవైపు, 15 శాతం ఇచ్చి తొందరగా పోయే తగరం ఒకవైపు ఉంటే కంపెనీలు దేన్ని ఎంచుకుంటాయో చెప్పక్కర్లేదు. నిబంధనలు కూడా ఇప్పటికి ఒత్తిడి పెట్టట్లేదు, యూరప్‌లో ఎలక్ట్రానిక్స్‌కి సీసం 0.1 శాతం హద్దు ఉన్నా స్థిరంగా బిగించే సోలార్ ప్యానెల్స్‌కి మినహాయింపు ఉంది. మన దేశంలో 2022 ఈ-వేస్ట్ నిబంధనల్లోకి సోలార్ ప్యానెల్స్‌ని తెచ్చారు, పాత ప్యానెల్స్‌ని 2034-35 దాకా తయారీదారులు నిల్వ చేయాలన్నారు, అది చెత్త గురించి, లోపల ఏం ఉండాలనేదాని గురించి కాదు. హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థలో పెరోవ్‌స్కైట్ మీద జరిగిన పనిలో కూడా ఖరీదైన లోహం బదులు కార్బన్ ఎలక్ట్రోడ్ పెట్టి తేమకి, వేడికి తట్టుకునేలా చేయడం మీదే దృష్టి పెట్టారు.

అయినా తగరం పని వృథా పోదు, ఎందుకంటే దానికి వెనక గుమ్మం ఒకటి ఉంది. రెండు పెరోవ్‌స్కైట్ పొరల టాండెమ్‌లో కింది పొరకి 1.25 ఎలక్ట్రాన్ వోల్ట్ దగ్గర బ్యాండ్ గ్యాప్ కావాలి, సీసం ఒక్కదానితో అది రాదు, సగం తగరం కలిపితేనే వస్తుంది. ఈ టాండెమ్‌లు ఇప్పటికే 30 శాతం దగ్గరున్నాయి, వాటికి ఉన్న పెద్ద బెడద కూడా తగరం ఆక్సీకరణే. అంటే డబ్బు, మనుషులు ఉన్న చోటే తగరాన్ని కాపాడే పద్ధతులు తయారవుతున్నాయి, సీసం పూర్తిగా లేని సెల్స్‌కి అవి ఉచితంగా దొరుకుతాయి.

బిస్మత్, ఆంటిమొనీ రకాలకి ఎండ కంటే ఇంటి లైటే నయం. ఎల్ఈడీ వెలుతురులో పరారుణం ఉండదు కాబట్టి 1.9-2 ఎలక్ట్రాన్ వోల్ట్ బ్యాండ్ గ్యాప్ అక్కడ లోపం కాదు, సరిగ్గా సరిపోయే కొలత. 2020లో వెయ్యి లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) కింద 4-5 శాతం చూపించారు, కాలిక్యులేటర్లలో ఉండే అమార్ఫస్ సిలికాన్ కూడా ఆ చుట్టుపక్కలే. ఉష్ణోగ్రత సెన్సర్లు, గోడకి అంటించే చిన్న పరికరాలు లాంటివాటికి 25 ఏళ్ళ గ్యారంటీ ఎవరూ అడగరు, కానీ పిల్లల చేతికందే వస్తువులో సీసం ఉంటే మాత్రం ఎవరూ ఒప్పుకోరు. సీసం లేని పెరోవ్‌స్కైట్ కొనుక్కునే రోజు వస్తే, అది సోలార్ పార్క్ కంటే ముందు ఇలాంటి పరికరాల్లోనే వచ్చే అవకాశం ఎక్కువ.